నాలుగో తప్పు

కాశీనగరం స్టేషన్లో ముప్పై ఏళ్లు
బుకింగు పుస్తకాలు రాసిన చెయ్యి నాది.
అక్షరం గుండ్రం. కొట్టివేతలుండవు.
అందుకే సంఘానికి కార్యదర్శిని చేశారు.
అందుకే ఆ ఉత్తరమూ నన్నే రాయమన్నారు,
పర్లాకిమిడి ఆఫీసుకి,
మా ఫిలేమోను అయ్యగారి మీద.

ఒకటి. సంఘం సైకిలు
పాత ఇనుము ఏరుకునే కుర్రాడికి ఇచ్చేసి
వానలో కాలినడకన తిరుగుతున్నారు. మా పరువు పోతోంది.

రెండు. ప్రభువు బల్ల నాడు
తన కుర్చీ వదిలేసి
కొండ దిగొచ్చిన సవరల పక్కన
చాప మీద కూర్చుంటున్నారు.

మూడు. ఇదే పెద్దది.
ఆషాఢంలో ఒక ఆదివారం
బైబిలు తెరిచి, కాసేపు చూసి, మూసి,
"ఈ వారం నాకు మాట దొరకలేదు.
వెతికాను.
దొరికినట్టు మీతో నటించలేను" అని
వెళ్లి కూర్చున్నారు.

ఫ్యాను చప్పుడు. ఎవరో దగ్గారు.
వెనకనుంచి ఒక సవర ముసలమ్మ లేచి
తన భాషలో చాలాసేపు ప్రార్థించింది.
మాకు ముక్క అర్థం కాలేదు.
ఆయనొక్కరే ఏడ్చారు.
కానుకల సంచి ఆ రోజు మామూలు కంటే బరువుగా ఉంది.
అది మాత్రం ఉత్తరంలో రాయలేదు.

సంతకాలు పెట్టించి
మధ్యాహ్నం పాసింజరు గార్డు చేతికిచ్చాను.

పన్నెండో రోజు పొద్దున్నే
మా అరుగు మీద ఆయన.
చేతిలో నా ఉత్తరం.
సంజాయిషీ అడుగుతూ ఆఫీసువాళ్లు దాన్నే పంపారట.
ఆ మొహంలో కోపం కోసం వెతికాను.
నిద్రలేమి ఉంది, అంతే.

"బాగా రాశావు తీతూ. ఒక్క అబద్ధం లేదు.
ఒకటి వదిలేశావు, నాలుగోది.
కలం తియ్యి."

కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పారు:

గెడ్డ పొంగిన రాత్రి
ఉడుసింగి నుంచి మనిషొచ్చాడు.
జయంతి సంటిది పోయింది, మట్టి చెయ్యాలి, రమ్మని.
ఒడ్డు దాకా వెళ్లాను.
నీళ్లు నడుమెత్తు. దాటొచ్చు,
ఆ మనిషి దాటే వచ్చాడు కదా.
నాకు భయమేసింది.
తెల్లారాక వస్తానని చెప్పి
ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నాను.
తెల్లారేసరికి వాళ్లే పూడ్చుకున్నారు.

"ఆ తరవాతి ఆదివారమే
నాకు మాట దొరకనిది."

కలం ఆగిపోయింది.
తేదీలు నేను మరిచిపోను.
ఆ నెల మరణాల రిజిస్టరు నా గూట్లోనే ఉంది.
పాదిరి లేని సమాధి లెక్కలోకి రాదని
ఆ బిడ్డని నేను ఎక్కించలేదు.
ఎవరూ అడగలేదు.
ఇప్పుడు ఈయనా అడగలేదు.
తెలిసి అడగలేదో, తెలియకో,
నేటికీ నాకు తెలీదు.

రిజిస్టరు సంచిలో వేసుకుని
ఆయన వెనకే నడిచాను.
గెడ్డ ఇప్పుడు పిక్కల లోతు,
పిల్లలు చేపలు దేవుతున్నారు.
జీడితోటలు దాటి, ఏటవాలు ఎక్కి, రొప్పుతూ.

కందిచేలో ఉంది జయంతి.
గట్టు మీద చెప్పులు విడిచి
"భయపడి రాలేదమ్మా" అన్నారు.
వాననలేదు. గెడ్డనలేదు.
రాత్రని కూడా అనలేదు.

ఆమె చాలాసేపు చూసింది.
తరవాత కొడవలి మొనతో చేను చివర చూపించింది.
మూడు రాళ్లు. ఒకటి పక్కకి ఒరిగింది.

ఆయన మోకాళ్ల మీద పడ్డారు.
ఈసారీ మాట దొరకలేదు.
ఒరిగిన రాయిని సరిచేసి
చేతుల మట్టి దులుపుకోకుండా అలాగే ఉన్నారు.

నేను పుస్తకం తెరిచి పేరు అడిగాను.
ఇంకా పెట్టలేదంది.

ముప్పై ఏళ్ల అలవాటు,
ఖాళీ గడి కనబడితే
అడ్డగీత కొట్టబోయింది చెయ్యి.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.
మట్టి అంటింది కాగితానికి.

"అలా ఉండనీ తీతూ."